గొట్టం మాత్రలు

"ఈవిడే చంపింది. ఇంకా ఏం కావాలండీ మీకు?" అన్నాడు అత్తరు, కాలు మీద కాలేసుకుని.

అత్తరు అతని అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో శవాల గదికి కూడా సెంటు కొట్టుకుని వచ్చేవాడని తోటివాళ్ళు తగిలించిన పేరు. ఆ ఉద్యోగం వదిలేసి బోర్లు వేసే కంపెనీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరాక హోదా పెరిగింది, సెంటు ఘాటు పెరిగింది, పేరు మాత్రం వదల్లేదు. ఇప్పుడు ఆ చిన్న గదిలో స్పిరిట్ వాసన మీద కూడా అతని వాసనే స్వారీ చేస్తోంది.

అతనికి ఎదురుగా స్టూలు మీద నర్సు కూర్చుని ఉంది. దేశాలు దాటి వెళ్ళేవాళ్ళకి టీకాలు వేసే క్లినిక్ అది. ఆమె వీపు వెనకాల టీకాల ఫ్రిజ్జు, దాని తలుపుకి పోలీసు సీలు. కిటికీ దగ్గర ఇన్‌స్పెక్టర్ నిలబడి రోడ్డు వంక చూస్తున్నాడు. ఐదింటికి లేడీ కానిస్టేబుల్ వస్తుంది. రాగానే నర్సుని స్టేషనుకి తీసుకెళ్ళిపోతారు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. అందరికంటే బాగా నర్సుకి తెలుసు.

తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డవాడు ప్రైవేటు డిటెక్టివ్. అతన్నీ ఎవరూ పేరుతో పిలవరు. పట్టుకుంటే వదలడని పోలీసులే 'జలగ' అన్నారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు. అతనికీ అలవాటైపోయింది.

కేసు చెప్పుకోడానికి చిన్నదే. వరదల్లో మునిగి తేలిన ఒక పరాయి దేశానికి మంచినీళ్ళ బోర్లు వేయడానికి కంపెనీ తన మనుషుల్ని పంపింది. ఊరందరికీ మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళినవాళ్ళు, ఆ నీళ్ళు పడేదాకా అక్కడి మురికి నీళ్ళే తాగాలి మరి. అందుకని బయల్దేరే ముందు అందరికీ టైఫాయిడ్ టీకా ఇప్పించారు. సూది కాదు, మాత్రల రూపంలో వచ్చేది. పని ముగించుకుని అందరూ క్షేమంగా తిరిగొచ్చారు, ఒక్క పంపుల మెకానిక్ తప్ప. అతను జ్వరంతో దిగాడు. ప్రయాణం బడలిక అనుకుని ఇంట్లోనే పడుకున్నాడు. తీరా ఆస్పత్రికి చేర్చేసరికి పేగుకి చిల్లు పడింది. టైఫాయిడ్ అన్నారు డాక్టర్లు, చాలా ఆలస్యమైందన్నారు.

కర్మకాండ అయిన మర్నాడు మెకానిక్ భార్య జలగ దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. "టీకా వేయించుకున్న మనిషికి ఆ జబ్బు ఎలా వచ్చింది అన్నయ్యా? ఎవరో మోసం చేశారు. ఆ చేసినవాడి పేరు నాకు తెచ్చివ్వండి చాలు" అంది. ఆ మాట అన్నప్పటి ఆమె మొహం జలగ ఇప్పటికీ మర్చిపోలేదు.

"సాక్ష్యం చూపించండి మళ్ళీ," అన్నాడు జలగ.

"నీకోసం ఎన్నిసార్లయినా చూపిస్తాను," అని అత్తరు జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో గొట్టం మాత్రకి సగం తొడుగు ఉంది. గులాబీ రంగు. "ఇది చచ్చిపోయినవాడి ఇంట్లో దొరికింది. లోపల చూడు. మందు లేదు, మన్ను లేదు. ఖాళీ. ఈవిడ మందు తీసేసి ఖాళీ గొట్టాలు అంటగట్టింది. అసలు మందు ఎక్కడ అమ్ముకుందో స్టేషన్లో నాలుగు తగిలిస్తే చెబుతుంది."

"నేను మాత్రల పట్టీ విప్పలేదు మొర్రో అని మొత్తుకుంటున్నాను," అంది నర్సు. పొద్దుటినుంచీ అడిగిందే అడుగుతుంటే ఆమె గొంతు బొంగురుపోయింది. భయం కంటే విసుగే ఎక్కువగా వినిపిస్తోంది. "సీలున్న పట్టీలు సీలున్నట్టే ఇచ్చాను. విప్పి కవర్లలో పోసింది ఈయన."

"మనిషికో కవరు చేసి ఇచ్చాను. సుళువుగా ఉంటుందని. అదీ నేరమేనా?"

"కవర్లు చేసినప్పుడు ఖాళీగా ఉన్నట్టు నీకు తెలియలేదా?" అన్నాడు జలగ.

"ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూడమంటావా? నాకేం పనిలేదా?"

జలగ అతన్ని వదిలేసి స్టూలు దగ్గరికి వచ్చాడు. నర్సు కళ్ళెత్తి చూసింది. 'ఇంకొకడు తయారయ్యాడు' అన్నట్టుంది ఆ చూపు.

"మనిషికెన్ని మాత్రలు?"

"మూడు. రోజు విడిచి రోజు ఒకటి."

"ఎలా వేసుకోవాలి?"

"పరగడుపున. చల్లటి నీళ్ళతో. నమలకుండా మింగాలి. వాటిని ఫ్రిజ్జులో పెట్టుకోవాలి. ఇవన్నీ చెప్పాలనే మనుషుల్ని పంపమన్నాను. ఈయన పంపలేదు, తనే సంచీ పట్టుకుని వచ్చాడు."

"అంతమందీ పని మానుకుని వచ్చి ఇక్కడ లైన్లో నిలబడాలా, ఒక మాత్ర మింగడం ఎలాగో నేర్చుకోడానికి?" అన్నాడు అత్తరు.

"ఈయనకే చెప్పాను. ఫోను చూసుకుంటూ తలాడించాడు." నర్సు తల దించుకుంది. "వినట్లేదని నాకూ తెలుస్తూనే ఉంది. అప్పుడు బయట జనం కూర్చుని ఉన్నారు. నేనూ ఊరుకున్నాను."

ఆ చివరి మాట ఎవరూ అడక్కుండానే చెప్పింది. అబద్ధం చెప్పేవాళ్ళు తమ మీదకి వచ్చే మాట ఊరికే ఇవ్వరు. జలగకి మొదటిసారి ఆమె మీద నమ్మకం కుదిరింది.

"చల్లటి నీళ్ళే ఎందుకు?"

"లోపల ఉన్నది మామూలు మందు కాదండీ. బతికున్న క్రిములు. అదే జబ్బు క్రిములు, కాకపోతే జబ్బు చేయలేనంత నీరసపరిచినవి. అవి బతికుండి పేగుల్లోకి చేరితేనే, అసలు శత్రువు వచ్చినప్పుడు ఎలా తన్నాలో ఒంటికి తెలుస్తుంది. వేడి తగిలితే చస్తాయి. కడుపులో పులుపు తగిలినా చస్తాయి. అందుకే ఆ గొట్టం. అది కడుపు దాటి పేగుల్లోకి వెళ్ళాకే కరుగుతుంది."

"సరిగ్గా మింగితే ఇక జబ్బు రానే రాదా?"

"అలా ఎవరు చెప్పినా నమ్మకండి. వేసుకున్నా కొంతమందికి వస్తుంది. అందుకే నీళ్ళు కాచుకుని తాగండి, పచ్చివి తినకండి అని మళ్ళీ మొత్తుకుంటాం. కానీ మిగతావాళ్ళంతా అవే మాత్రలు వేసుకుని, అక్కడే తిని, అక్కడే తాగి రాయిలా తిరిగొచ్చారా లేదా? నేను ఖాళీవి ఇచ్చుంటే ఒక్కడికే ఎందుకు తగిలాయి? మూడుకి మూడూ?"

"వాడి ఖర్మ," అన్నాడు అత్తరు.

జలగ ప్లాస్టిక్ కవరు అందుకుని వెలుతురుకి పెట్టాడు. గులాబీ తొడుగు నున్నగా ఉంది. అంచు ఎక్కడా నలగలేదు, మెత్తబడలేదు. నీటి చుక్క కూడా ఎరగదు. దాన్ని చూస్తుంటే అతని బుర్రలో ఏదో కదిలింది. కదిలిన మాట బయటికి చెప్పకుండా కవరు అత్తరుకి తిరిగి ఇచ్చేశాడు.

"ఇంట్లో ఎక్కడ దొరికింది ఇది?"

"వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేస్తాడు. ఆయన బల్ల మీద."

"ఒకటేనా ఉన్నది?"

అత్తరు మామూలుగా ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబిచ్చే రకం. ఈసారి మాత్రం కాలు దించి, బూటు సర్దుకుని, అప్పుడన్నాడు. "ఒకటే."

జలగ గడియారం చూశాడు. మూడు దాటింది. "ఐదింటిదాకా టైముంది కదా ఇన్‌స్పెక్టర్ గారూ? ఈలోపు మీరు కూడా ఒకసారి ఆ ఇంటికి వస్తే మంచిది. నేను ముందు నడుస్తాను."

"మళ్ళీ ఎందుకయ్యా ఆ ఇంటి చుట్టూ?" అన్నాడు అత్తరు, కుర్చీలోంచి లేస్తూ. అంత త్వరగా లేవాల్సిన పని అతనికి లేదు.

*

ఇల్లు మూడో అంతస్తులో. మెకానిక్ భార్య తలుపు తీసింది. ఎప్పుడు వెళ్ళినా ఆమె నోట మొదటి మాట ఒకటే.

"దొరికాడా అన్నయ్యా?"

"వెతుకుతున్నానమ్మా," అన్నాడు జలగ.

ముందు గదిలో కిటికీ కింద గడియారాల బల్ల. కొడుకు పోయినా జనం గడియారాలు ఆగిపోవడం మానలేదు కాబట్టి, ముసలాయన ఒక కంటికి అద్దం బిగించుకుని పని చేసుకుంటూనే ఉన్నాడు. బల్ల మీద పళ్ళచక్రాలు, ముళ్ళు, స్ప్రింగులు. ఒక పక్కగా అట్టముక్కకి చిన్న చిన్న చిల్లులు పొడిచి, వాటిలో బుల్లి గ్లాసుల్లాంటివి నిలబెట్టాడు. కొన్ని గులాబీవి, కొన్ని తెల్లవి. ఒక్కో దాంట్లో ఒక్కో సైజు స్క్రూలు ఉన్నాయి, నలకల్లా.

జలగ కిందికి వంగాడు. ఐదు. పక్కన ఆరో చిల్లు ఖాళీగా ఉంది.

"ఇవేంటి పెద్దాయనా?"

"మావాడి మాత్రల తొడుగులు. అమ్మాయి పారేయబోతుంటే నేనే అడిగి తీసుకున్నా. చెమ్మ చేరదు, దొర్లిపోవు, ఈ స్క్రూలకి కొలతేసి చేసినట్టున్నాయి." ముసలాయన కంటి అద్దం తీశాడు. "ఆరుండేవి. ఆ సెంటు కొట్టుకొచ్చిన పెద్దమనిషి ఒకటి పట్టుకుపోయాడు. మిగతావి కూడా తీసేయండి, చూస్తే బాధగా ఉంటుంది అన్నాడు. వీటిల్లో పెద్ద గడియారం స్క్రూలున్నాయి నాయనా, ఎక్కడికి తీసేస్తాను?"

మూడు మాత్రలు, ఆరు సగాలు. లెక్క సరిపోయింది. సరిపోయినందుకు జలగకి సంతోషం కలగలేదు. తొడుగులన్నీ ఇక్కడే ఉన్నాయి. ఒక్కటి కూడా మనిషి గొంతు దాటలేదు. మరి ఆ మనిషి మింగిందేమిటి?

జవాబు సగం అప్పటికే తెలిసిపోయింది. తెలిసినా అడగాలి, అదే ఈ వృత్తిలో దరిద్రం.

"అమ్మా, ఆయన మాత్రలు ఎక్కడ వేసుకునేవాడు? కాస్త వంటగది చూపిస్తావా?"

వంటగది ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. స్టవ్ తళతళలాడుతోంది. గోడకి మెకానిక్ బిగించిన అల్మారా, ప్రతి గిన్నెకీ దాని కొలత ప్రకారం ఒక కొక్కెం. చేతిపని తెలిసినవాడి ఇల్లు. జలగ సింకు చూశాడు, చిన్న ఫ్రిజ్జు తెరిచి చూశాడు. దాని తలుపు పై అరలో ఇప్పటికీ కంపెనీ కాగితం కవరు ఉంది. ఖాళీది. దాని మీద సేఫ్టీ ఆఫీసరు ఫోను నంబరు తప్ప ఇంకో అక్షరం లేదు.

"ఫ్రిజ్జులోనే పెట్టావన్నమాట."

"పెట్టమని ఆయన చెప్పాడు. సేఫ్టీ సార్ అందరికీ ఆ ఒక్క మాట చెప్పారట." ఆమె అల్మారాలోంచి ఒక స్టీలు గ్లాసు తీసింది. దానికి అడుగున సొట్ట ఉంది. "మీకు తెలీదు కదన్నయ్యా, మా ఆయనకి మాత్ర గొంతు దిగదు. పెళ్ళయిన కొత్తలో తలనొప్పి బిళ్ళ వేసుకోమంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అంత మనిషి! క్రేను మీదకి ఎక్కమంటే ఎక్కుతాడు, మాత్ర అంటే చాలు వాంతి. ఏ మాత్రయినా నేను పొడి కొట్టి పాలల్లో కలిపి ఇవ్వాల్సిందే. ఇవైతే పొడి కొట్టే పని కూడా లేదు. తిప్పితే ఊడొచ్చాయి."

జలగ ఫ్రిజ్జు తలుపు మూశాడు.

"పాలు పొంగు రాగానే దించి, ఇదిగో ఈ గ్లాసులో పోసి, అందులో వంచి కలిపేదాన్ని. వేడిగా ఉంటే వాసన తెలీదని. అడుగున పొడి మిగిలితే ఇంకాస్త పాలు పోసి తిప్పి అదీ తాగించాను. ఒక్క చుక్క వదల్లేదు." ఆమె గ్లాసుని కొంగుతో తుడిచింది, తుడవాల్సిన అవసరం లేకపోయినా. "నా వైపు నుంచి ఏ లోటూ జరగలేదన్నయ్యా. ఆ తృప్తి ఒక్కటే మిగిలింది నాకు."

ఆ పొడిలో ఉన్న క్రిములు పొంగే పాలల్లో పడ్డ క్షణమే చచ్చాయి. ఏ ఒక్కటో మిగిలినా, తొడుగు లేనిదాన్ని కడుపులో పులుపు వదిలిపెట్టదు. మూడుసార్లూ ఆ మనిషి తాగింది ఉత్త పాలు. టీకా వేసుకున్నాననే ధీమాతో వెళ్ళి అక్కడ ఏ నీళ్ళు దొరికితే అవి తాగాడు.

ఈ మాట చెబితే నర్సు ఇంటికి పోతుంది. చెప్పకపోతే ఐదింటికి జైలుకి పోతుంది. చెప్పాల్సింది ఈ సొట్ట గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషి ముందు. జలగ చాలామంది దొంగల్ని, ఇద్దరు ముగ్గురు హంతకుల్ని చూశాడు. వాళ్ళెవరి ముందూ అతని నోరు ఇలా ఎండిపోలేదు.

"కాస్త మంచినీళ్ళు ఇస్తావా అమ్మా," అని మాత్రం అనగలిగాడు.

*

మెట్ల మీద బూట్ల చప్పుడు, దానికంటే ముందు సెంటు వాసన వచ్చాయి. జలగ ముందు గదిలోకి వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ గడియారాల బల్ల దగ్గర నిలబడి ముసలాయన్ని పలకరిస్తున్నాడు. అత్తరు గుమ్మంలోనే ఆగిపోయాడు. అతని కళ్ళు తిన్నగా ఆ అట్టముక్క మీదకే వెళ్ళాయి.

జలగ అతని మోచెయ్యి పట్టుకుని బయటికి, మెట్ల మలుపు దగ్గరికి లాక్కుపోయాడు.

"ఒకటేనన్నావ్."

"అయితే?"

"మిగతా ఐదూ బల్ల మీద ఉన్నాయి. మింగినవాడి కడుపులోకి పోవాల్సిన తొడుగులు వాళ్ళ నాన్న బల్ల మీదకి ఎలా వచ్చాయి? పోలీసు ఉద్యోగం చేసినవాడివేగా, ఆ మాత్రం తట్టలేదా?"

అత్తరు నవ్వాడు. బుకాయిస్తాడనుకున్న జలగకి ఆ నవ్వు చూసి ఒళ్ళు మండింది.

"నాకు మొదటి రోజే తట్టింది," అన్నాడు అత్తరు గొంతు తగ్గించి. "పరామర్శకి వచ్చినప్పుడు ఆ ముసలాయనే చూపించాడు. పాలల్లో కలిపిందని తెలిసింది. ఆ నర్సు చెప్పిన సోదిలో వేడి సంగతి కూడా ఒక ముక్క చెవిన పడింది. రెండూ కలుపుకోవడం నాకు రాదనుకున్నావా?"

"తెలిసి ఆ ఆడమనిషి నెత్తిన రుద్దావా?"

"లేకపోతే ఎవరి నెత్తిన రుద్దమంటావ్?" అత్తరు ఇంటి వైపు గడ్డం చూపించాడు. "వెళ్ళు. ధైర్యముంటే వెళ్ళి చెప్పు. 'అమ్మా, నీ చేత్తో నువ్వే ఆ మందుని వేడి పాలల్లో చంపేశావ్, నీ మొగుడు నీ వల్లే పోయాడు' అని చెప్పు. చెప్పగలవా? నర్సుకైతే ఆర్నెల్లో ఏడాదో పడుతుంది. బయటికొస్తుంది. ఈమె ఎప్పటికి బయటికొస్తుంది? నేను చేసింది పాపం కాదోయ్, దయ."

జలగకి కోపం వచ్చింది. అతను అబద్ధం ఆడినందుకు కాదు, అందులో సగం నిజం ఉన్నందుకు. వంటగదిలో నిలబడ్డప్పటినుంచీ తన మనసులో తిరుగుతున్న మాటనే ఈ మనిషి సెంటు పూసి తిరిగి చేతిలో పెట్టాడు.

"దయ అయితే నీ మీద నువ్వు చూపించుకున్నావ్," అన్నాడు జలగ. "మనుషుల్ని క్లినిక్‌కి పంపనిది నువ్వు. చెప్పింది విననిది నువ్వు. పట్టీలు చింపి, ఉత్త కవర్లు పంచింది నువ్వు. అది బయటికి వస్తే నీ కుర్చీ పోతుంది. అందుకు ఒక మనిషిని జైలుకి పంపుతున్నావ్. మధ్యలో ఈమె మీద జాలెందుకు, అది నీకు నప్పదు."

"నీ నీతులు నీ దగ్గరే ఉంచుకో. చెబుతావా లేదా? ఐదవుతోంది."

జలగ అతని మోచెయ్యి వదిలేశాడు. నర్సు బొంగురు గొంతు ఒక చెవిలో వినిపిస్తోంది, 'ఒక్క చుక్క వదల్లేదు' అన్నది ఇంకో చెవిలో. ఏదో ఒకటి తేల్చుకుని వెనక్కి తిరిగాడు.

గుమ్మంలో మెకానిక్ భార్య మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. ఆమె వెనకాల ఇన్‌స్పెక్టర్. ఎప్పట్నుంచి ఉన్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"వేడికి చచ్చిపోతాయా?" అంది ఆమె.

ఇన్‌స్పెక్టర్ జలగ వైపు చూశాడు.

"మిమ్మల్నే అన్నయ్యా. నిజం చెప్పండి. వేడి పాలకి పోతుందా ఆ మందు?"

"పోతుందమ్మా," అన్నాడు జలగ. "కానీ సరిగ్గా మింగినవాళ్ళకి కూడా ఒక్కోసారి ఆ జబ్బు వస్తుంది. నీ వల్లే పోయాడని ఎవరూ తేల్చి చెప్పలేరు. నేనూ చెప్పలేను."

అది నిజమే. నిజమే అయినా, పచ్చి గాయం మీద గుడ్డ కప్పినట్టే ఉంది ఆ మాట, అంతకంటే పనికి రాలేదు. ఆమె గ్లాసు మెట్టు మీద పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. చాలాసేపు తన రెండు చేతుల వంక చూసుకుంది. తర్వాత తలెత్తి అత్తరుని చూసింది.

"మీరేగా సార్ చెప్పింది."

అత్తరు మొహంలో నవ్వు అక్కడే గడ్డకట్టింది. "నేనా? నేనేం చెప్పానమ్మా?"

"కవరు మీద మీ నంబరు ఉంది. ఫోన్ చేశాను. మా ఆయన మింగలేడండీ, తొడుగు తీసి పాలల్లో కలిపి ఇవ్వొచ్చా అని అడిగాను. అడిగి, మీరు సరే అన్నాకే ఇచ్చాను."

"చూడు చెల్లెమ్మా, బాధలో ఏదేదో ఊహించుకుంటున్నావ్. నాకు రోజుకి వంద ఫోన్లు వస్తాయి. నువ్వెప్పుడు చేశావో, నేనేమన్నానో…"

"నేను విన్నాను," అంది లోపలినుంచి ఒక గొంతు. ముసలాయన బల్ల దగ్గరినుంచి లేచి వచ్చాడు. కంటి అద్దం ఇంకా చేతిలోనే ఉంది. "అమ్మాయి చేతులు తడిగా ఉన్నాయని ఫోను నా బల్ల మీద పెట్టి పెద్దగా వినపడేట్టు చేసింది. 'చిన్నపిల్లాడా ఏంటమ్మా మీ ఆయన? పాలల్లో కలిపి వేడివేడిగా పట్టించెయ్యి, ఎలాగైనా లోపలికి పోవడమేగా కావాల్సింది' అన్నావు బాబూ. అని పకపకా నవ్వావు. మావాడూ పక్కనే ఉండి నవ్వాడు. వాడి నవ్వు గుర్తుంది కాబట్టి నీ మాటా గుర్తుంది."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఫోను తీశాడు. "లేడీ కానిస్టేబుల్ వచ్చిందా? నర్సుని ఎక్కించొద్దు. అవును. ఇంటికి పంపించెయ్యండి." ఫోను పెట్టేసి అత్తరు వైపు తిరిగాడు. "మీరు మాత్రం నాతో రండి. ఆ తొడుగున్న కవరు ఇటివ్వండి."

"ఇంత చిన్న మాటకి…" అని అత్తరు నీళ్ళు నమిలాడు. జీవితంలో మొదటిసారి అతని దగ్గర చెమట వాసన వచ్చింది.

"ఆగండి," అన్నాడు జలగ. ఇంకో సంగతి అప్పుడే అతనికి తట్టింది. మూడు వారాల కిందట కంపెనీ రెండో జట్టుని పంపింది. అదే చోటికి, అవే నీళ్ళకి. "ఇదే సలహా ఇంకెవరికిచ్చావ్? రెండో జట్టు వాళ్ళకి కవర్లు నువ్వే పంచావుగా?"

"ఎవరికీ ఇవ్వలేదు. నా పిల్లల మీద ఒట్టు. ఈవిడొక్కతే అడిగింది. వేరే ఎవరూ ఫోనే చెయ్యలేదు."

అతని మొహం చూస్తే నిజమే చెబుతున్నాడని తెలిసిపోతోంది. జలగ ఊపిరి వదిలాడు.

"ఎందుకు చేస్తారు?" అంది మెకానిక్ భార్య.

ఆమె గొంతు ఎంత చిన్నగా ఉందంటే ఇన్‌స్పెక్టర్ ఒక మెట్టు దిగి వంగాల్సి వచ్చింది.

"వాళ్ళకి అవసరమేముంది? నేను చెప్పానుగా. రెండో జట్టుకి మాత్రలు ఇచ్చిన రోజున బోరు వేసే డ్రిల్లర్ వాళ్ళావిడ వచ్చింది, ఆవిడ మొగుడికీ మింగడం చేతకాదట. నవ్వుకున్నాం ఇద్దరం. తొడుగు తీసి పాలల్లో కలిపెయ్యి, సార్‌ని అడిగాను, పర్లేదన్నారు అని చెప్పాను. అప్పటికి మా ఆయన అక్కడ బాగానే ఉన్నాడు. బాగానే పనిచేసింది అని కూడా చెప్పాను."

ఆమె కొంగులో ముడేసుకున్న ఫోను తీసింది. నంబరు నొక్కి, మామగారి బల్ల మీద పెట్టినట్టే మెట్టు మీద పెట్టింది, అందరికీ వినపడేలా. అవతల ఎత్తారు.

"అక్కా! నేనే చేద్దామనుకుంటున్నా, ఎలా ఉన్నావ్? అన్నం తింటున్నావా?"

"తింటున్నా చెల్లీ. ఒక్క మాట చెప్పు. మీ ఆయనకి ఆ గొట్టం మాత్రలు ఎలా ఇచ్చావ్?"

"నువ్వు చెప్పినట్టే అక్కా. వేడి పాలల్లో. కాస్త పంచదార కూడా వేశాను. ఎందుకడుగుతున్నావ్?"

"ఎలా ఉన్నాడు అక్కడ?"

"నాలుగు రోజులుగా జ్వరమట. నీళ్ళు మారాయి కదా, అదే తగ్గుతుంది అంటున్నాడు. బిళ్ళేసుకుని పనికి పోతూనే ఉన్నాడట. ఏమైందక్కా?"

జలగ ముందుకి వంగాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఇప్పుడే ఫోన్ చేసి పని ఆపి ఆస్పత్రికి పొమ్మను. టైఫాయిడ్ ఏమో చూడమను. ఆలస్యం చేయకపోతే తగ్గుతుంది, వింటున్నావా? మా ఆయనకి చేసినట్టు చేయకు." ఆమె ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది. "ఇంకెవరికైనా చెప్పావా చెల్లీ, ఈ పాల సంగతి?"

"బయల్దేరే ముందు అందరం మా ఇంట్లోనే కలిశాం కదక్కా. అందరికీ చెప్పాను. ఎవరికి మాత్రం మాత్రలు మింగడమంటే ఇష్టం? ఒక్కరూ మింగలేదు. అందరం పాలల్లోనే ఇచ్చాం."

మెకానిక్ భార్య జలగ వైపు చెయ్యి చాపింది, రాసుకోమన్నట్టు. ఇన్నాళ్ళూ అతన్ని ఒక్క పేరు తెచ్చివ్వమని అడిగిన మనిషి, ఫోను మీదకి వంగి అంది.

"ఒక్కొక్కరి పేరూ చెప్పు చెల్లీ. నెమ్మదిగా."